పాయింటు రైడర్‌ది, హక్కు క్లబ్బుది

స్పీడ్‌వే పందెం చూశారా? 500 సీసీ బైకు, ఒకటే గేరు, బ్రేకులు అసలే ఉండవు. నలుగురు రైడర్లు మట్టి ట్రాకు మీద ఎడమకు జారుతూ నాలుగు చుట్లు కొడతారు. మొదట వచ్చినవాడికి 3 పాయింట్లు, తర్వాత 2, 1, చివరివాడికి సున్నా. లీగు పోటీల్లో రైడర్ సంపాదన చాలావరకు ఈ పాయింట్ల లెక్కే.

బైకు రైడర్‌దే. ఇంజను, టైర్లు, మెకానిక్ ఖర్చు, ప్రయాణాలు, అన్నీ అతని జేబులోంచే. కాగితాల మీద అతను ఎవరి ఉద్యోగీ కాడు, స్వతంత్రుడు. కానీ బ్రిటన్‌లో దశాబ్దాలుగా నడిచిన పద్ధతిలో అతని రిజిస్ట్రేషన్ హక్కు క్లబ్బుది. క్లబ్బుల భాషలో అతనొక 'ఆస్తి'! మనిషిని పిలిచే మాటేనా అది? సీజను ఒప్పందం ముగిసినా ఆ హక్కు క్లబ్బు దగ్గరే ఉంటుంది. వేరే జట్టుకు ఆడాలంటే ఆ జట్టు అతన్ని కొనుక్కోవాలి, లేదా అద్దె కట్టి తెచ్చుకోవాలి.

కుర్రాళ్లను వెతికి తయారుచేసిన చిన్న క్లబ్బుకు కొంత ప్రతిఫలం దక్కాలి, నిజమే. ఆ వాదనను నేను కాదనను. అయితే ఒప్పందం ముగిసిన ఫుట్‌బాల్ ఆటగాడు రుసుము లేకుండా యూరప్ సమాఖ్యలోని మరో దేశపు క్లబ్బుకు వెళ్లవచ్చని యూరప్ న్యాయస్థానం 1995లోనే బోస్‌మన్ కేసులో తేల్చింది. స్పీడ్‌వే రైడర్లూ దేశాలు దాటేవాళ్లే: పోలండ్‌లో, స్వీడన్‌లో కూడా పందేలకు దిగేవాళ్లు ఎందరో. పడితే విరిగేది వాళ్ల ఎముకలే. ఒప్పందం ముగిసిన రోజున రైడర్‌ను స్వేచ్ఛగా వెళ్లనివ్వడమే న్యాయం.