జహనుమా ప్రభువుల వంశకథ

జహనుమా అన్నది పారశీక పదము. లోకమును చూపునది అని దాని అర్థము. హైదరాబాదు పాతబస్తీలో ఫలక్‌నుమా కొండకు చేరువనున్న ఈ పేటకు ఆ పేరు పైగా ప్రభువుల మేడను బట్టి వచ్చినది. తెలుగు చెవికి 'పైగా' అనగానే 'అంతేకాక' అన్న మాట తట్టును. ఇది ఆ మాట కాదు. నిజాము సొంత సేనను పోషించుటకై ఇచ్చిన జాగీరుకు ఆ పేరు. కాలక్రమమున జాగీరు పేరే వంశనామమైనది.

ఇట్టి విచిత్రమే స్కాట్లండు చరిత్రలోను కనిపించును. అక్కడ రాజగృహ నిర్వాహకుని ఉద్యోగము పేరే స్టూవర్టు వంశమునకు పేరైనది. 1315లో ఆ యింటి వాల్టరు, రాబర్టు బ్రూస్ రాజు కుమార్తెయైన మార్జరీని పెండ్లాడినాడు. వారి కుమారుడు 1371లో సింహాసన మెక్కినాడు. మన పైగాలకు రాజబంధుత్వము అంతకంటెను మెండు. సింహాసనము మాత్రము దక్కలేదు.

రెండవ నిజాము కొలువులో అబుల్ ఫతే ఖాను తేగ్ జంగు ఈ వంశమును నిలబెట్టినాడు. అమీరులలో సూర్యుడను అర్థము గల షంసుల్ ఉమ్రా బిరుదు ఆయనది. బాబా ఫరీదు సంతతివారమని వీరు చెప్పుకొన్నారు. వంశవృక్షముల వేళ్ళు ఎప్పుడును పుణ్యభూమిలోనే నాటుకొనును. ఆ సంగతి అటుంచుదము.

ఈ వంశమున మేము ముందుగా స్మరింపదలచినది ఆయన కుమారుడు ఫక్రుద్దీన్ ఖానును. నిజాము అల్లుడాయన. భోగములకు లోటు లేదు. అయినను 1840 ప్రాంతమున యంత్రశాస్త్రము, ఖగోళము, నీరు, గాలి, వెలుగు, విద్యుత్తు వీనిని గూర్చిన ఆరు ఆంగ్ల గ్రంథములను ఉర్దూలోనికి తెప్పించి, తన సొంత రాతి అచ్చుయంత్రముపై ముద్రింపించినాడు. దేశభాషలో భౌతికశాస్త్రము చెప్పవచ్చునా యని నేటికిని సందేహించువారు ఈ సంగతి తెలిసికొనవలె. 1863లో ఆయన మరణించినాడు.

మనుమలు ముగ్గురు: ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా. ముగ్గురును అయిదవ నిజాము కుమార్తెలనే పెండ్లాడినారు. జాగీరు మూడు పాళ్ళైనది. 1887 నుండి 1901 వరకు ఆస్మాన్ జా, ఆయన తరువాత వికారుల్ ఉమ్రా దివానులైనారు. ఖుర్షీద్ జాకు ఆ పదవి అందలేదు. వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమా కట్టడము మొదలుపెట్టినాడు. కట్టినంతకాలము పట్టలేదు, అది చేయి జారుటకు. పందొమ్మిదవ శతాబ్ది ముగియకమునుపే ఆ సౌధము ఆరవ నిజాము పరమైనది. ఆయన పేరు వికారాబాదు పట్టణమునకు మిగిలినది.

ఈ వైభవమునకు శిస్తు కట్టినవాడు జాగీరు గ్రామముల రైతు. అతని వంశవృక్షమును ఎవ్వరును వ్రాయలేదు. 1949 ఆగస్టులో జాగీరులు రద్దైనవి.

సంతోష్‌నగరు వైపు వెళ్ళువారు పైగా సమాధులను చూడవచ్చును. గచ్చుతో మలచిన జాలీలలో ఎన్నెన్నో అల్లికలు. మూడు శాఖలవారును అక్కడ ఒకే ఆవరణలో ఉన్నారు.