ఫోన్‌లో పాఠం, ఒళ్ళో బిడ్డ

(వెంకటగిరికోటలో అంగన్‌వాడీ కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవాళ్ళు 'శిశు వికాసం - స్త్రీల హక్కులు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. సిద్ధాంతపరంగా మాట్లాడటానికి కాగితాలు రాసుకునే బయల్దేరాను. పలమనేరు దాటాక బస్సులో ఒకసారి చదువుకుని, మళ్ళీ సంచీలో పెట్టేశాను. ఎందుకంటే ఇదే మండలంలో, 2023 ఆగస్టు నుంచి ఆర్నెల్లపాటు, నేనొక కోర్సు చదివాను. పరిశోధకురాలిగా కాదు, విద్యార్థినిగా. అప్పుడు నాతో చదివినవాళ్ళు కూడా ఈ హాల్లో ఉన్నారు. వాళ్ళ ముందు పుస్తకాల మాటలు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ కోర్సు శిశు వికాసంలో సర్టిఫికెట్. మొత్తం ఆన్‌లైన్‌లోనే. నడిపిన సంస్థ పేరు చెప్పను. నేను చెప్పబోయేది ఆ ఒక్క సంస్థ దోషం కాదు, అందుకని. నాతోపాటు ఇక్కడి కార్యకర్తలు ముగ్గురు చేరారు. చేరారు అనడం కంటే నేనే చేర్పించాను అనడం నిజాయితీగా ఉంటుంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఇంటర్మీడియట్, ఆపైన చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్ళకి ఏడాది డిప్లొమా ఇవ్వాలి. అదీ ఉద్యోగానికి ఆటంకం లేకుండా, టీవీ ఛానళ్ళ ద్వారా, స్మార్ట్‌ఫోన్ల ద్వారా. ముందు ముందు ఇది మీ అందరి మీదికీ వచ్చే విషయం కాబట్టి, ముందుగా మనమే చదివి చూద్దామని నా ఆలోచన.

చేరడానికే మూడు రోజులు పట్టింది. ఒకామె ఆధార్‌కి కలిపి ఉన్నది భర్త ఫోన్ నంబరు. ఆయన టమోటా లోడు వేసుకుని చెన్నై పోయి ఉన్నాడు. ఆయన ఫోనెత్తి అంకెలు చదివేలోపు ఓటీపీ గడువు దాటిపోయేది. ఇంకొకామెకి పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు. కాస్త ఆలోచించండి. అంగన్‌వాడీ ఉద్యోగానికి వివాహిత అయివుండాలి, స్థానికురాలై ఉండాలి అని మన రాష్ట్రంలో షరతు పెట్టింది ప్రభుత్వం. అంటే పెళ్ళయి ఈ ఊరికి వచ్చింది కాబట్టే ఆమెకి ఆ ఉద్యోగం. అదే పెళ్ళి మూలంగా చదువు దగ్గర తను తనేనని నిరూపించుకోవాల్సి వచ్చింది.

ఫోన్ అందరి చేతుల్లోనూ ఉంది కదా అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది. మగవాళ్ళు 48 మందికి పైనే. ఆ తర్వాత ఈ సంఖ్యలు పెరిగే ఉంటాయి. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, అది రాత్రి తొమ్మిది నుంచి పది దాకా ఆమె చేతిలో ఉండటం వేరు. శాఖాపరమైన పనులు చేసే ఫోన్‌లో జాగా లేక మా మిత్రురాలు కొడుకు ఫోన్‌లో పాఠాలు చూసేది. వాడికి ఇంటర్ పరీక్షలు దగ్గర పడ్డాక తెల్లవారి నాలుగింటికి లేచి చూసేది. "పొయ్యి మీద నీళ్ళు కాగేలోపు ఒక వీడియో అయిపోతుందక్కా" అనేది. వేగం పెంచి చూడటం నాకు నేర్పింది కూడా ఆమే.

నేను పరిశోధకురాలిని కాబట్టి చరిత్రలోకి పోకుండా ఉండలేను, క్షమించండి. స్త్రీలు బడికి పోకుండా చదువుకోవడం మనకి కొత్త కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ బెనారస్ మెట్రిక్యులేషన్‌కి ప్రైవేటుగా కట్టి చదివింది. 1937లో మద్రాసులో ఆమె మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ తొలి పనుల్లో ఒకటి ఆడవాళ్ళని ఆ పరీక్షకే తయారు చేయడం. 1953లో ఏర్పడ్డ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆమే అధ్యక్షురాలు. ఆ బోర్డు 1958లో వయోజన స్త్రీలకి సంక్షిప్త కోర్సులు పెట్టింది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళు, వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్ళు తక్కువ కాలంలో పరీక్షలు పాసై టీచర్లుగా, నర్సులుగా, బాలసేవికలుగా పనిలో చేరాలని దాని ఉద్దేశం. చాలాచోట్ల వాళ్ళని హాస్టల్లో ఉంచి, తిండి పెట్టి చదివించారు. చదువుకునే స్త్రీకి అన్నిటికంటే ముందు కావాల్సింది వంట నుంచి సెలవు అని ఆ తరం వాళ్ళకి తెలుసు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది. అక్కడికి హాస్టల్ పోయింది, కానీ ఆదివారం క్లాసు మిగిలింది. "క్లాసుంది" అని చెప్పి ఇంట్లోంచి బయటపడే ఒక రోజు. ఆన్‌లైన్‌తో ఆ రోజు కూడా పోయింది. ఇంట్లోనే ఉన్నావు కదా, కాస్త చారు పెట్టి చదువుకోరాదా అంటారు.

ఇక పాఠాల సంగతి. అన్నీ చెడ్డవని నేననను. బిడ్డ ఎప్పుడు కూర్చుంటుంది, ఎప్పుడు మాట కలుపుతుంది, బూచాట ఆడితే ఆమె బుర్రలో ఏం జరుగుతుంది - ఇవన్నీ శాస్త్రంగా తెలుసుకుంటుంటే ముగ్గురి మొహాల్లోనూ వెలుగు చూశాను. "ఇది మేం రోజూ చేసేదే, దీనికి పేరుందని తెలీదు" అన్నది ఒకామె. ఎవరో చెప్తే తప్ప మన పనికి జ్ఞానం అనే పేరు రాదు. పియాజే తన ముగ్గురు పిల్లల్ని గమనించి గొప్ప సిద్ధాంతం కట్టాడని పాఠం చెప్పింది. ఆ గమనింపుల్లో అతని భార్య వాలెంటీన్ చెయ్యి కూడా ఉందని చెప్పలేదు.

నాలుగో వారంలో ఒక కథ ఇచ్చి ప్రశ్న అడిగారు. నాలుగేళ్ళ పిల్లవాడు తోటివాళ్ళని కొరుకుతున్నాడు. తండ్రి ఉద్యోగి. తల్లి కూలికి పోతుంది. కారణం ఏమిటి? సరైన జవాబు: తల్లి దగ్గర లేకపోవడం. నేను ఇంకోటి గుర్తుపెట్టి మార్కు పోగొట్టుకున్నాను.

ఈ ఆలోచనకి మూలం ఎక్కడుందో కొంచెం చెప్పాలి. యుద్ధం తర్వాత, 1951లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ ఒక నివేదిక రాశాడు. ఆయన మాట్లాడింది ఇల్లూ వాకిలీ లేని పిల్లల గురించి, అనాథాశ్రమాల్లో, ఆస్పత్రుల్లో తల్లిదండ్రులకి దూరమైన పిల్లల గురించి. దాన్ని పట్టుకొచ్చి, ఉద్యోగం చేసే తల్లి పిల్లల్ని పాడుచేస్తుందని వాదించడం మొదలుపెట్టారు. ఆయన దగ్గర పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ 1954-55లో ఉగాండా పల్లెలకి పోయి, తోట పనికి పోయే తల్లుల్ని, ఇంట్లో బిడ్డల్ని పట్టుకునే మిగతావాళ్ళని దగ్గరగా చూసింది. బిడ్డకి మనసు కుదిరేది ఒక్క మనిషి దగ్గరే కాదని అక్కడే కనిపిస్తుంది. మన మదనపల్లె, పుంగనూరు వైపు టమోటా కోతకి తెల్లారక ముందే ట్రాక్టరెక్కే తల్లులు, కుప్పంలో బెంగుళూరు రైలెక్కే తల్లులు, వీళ్ళ బిడ్డలు అవ్వల దగ్గర, పెద్దక్కల దగ్గర, మీ సెంటర్లలో పెరుగుతున్నారు. కూలి గిట్టుబాటు కాకపోవడం, రాత్రిపూట తాగొచ్చి కొట్టే తండ్రి, ఇవేవీ ఆ నాలుగు జవాబుల్లో లేవు. 1994లోనే ఎరికా బర్మన్ ఈ శాస్త్రాన్ని స్త్రీవాద దృష్టితో విప్పి చూపించింది. పిల్లల్ని కొలిచే ప్రతి కొలబద్దా తల్లిని కూడా కొలుస్తుందని ఆ విమర్శ సారాంశం.

ఇక అసైన్‌మెంటు. ఒక బిడ్డని ముప్పై నిమిషాలు, జోక్యం చేసుకోకుండా గమనించి రాయాలి. మీరు నవ్వుతున్నారు. గుడ్లు ఉడుకుతుంటాయి, ఒకడు చొక్కా తడుపుకుంటాడు, బాలింత సంతకానికి వస్తుంది, సూపర్‌వైజర్ ఫోన్ చేస్తుంది. ముప్పై నిమిషాలు ఊరికే కూర్చునే కార్యకర్త ఎక్కడుంది? చివరికి మా మిత్రురాలి సెంటర్లో గమనించింది ఆయా. ఆమె చదివింది ఏడో తరగతి, ఈ కోర్సుకి అర్హురాలు కాదు. వాడు ఇసుక ఏ చేత్తో తోడాడు, ఎవరొస్తే ఆపాడు, ఏం గొణుక్కున్నాడు, అంతా సాయంత్రం చెప్పింది. కార్యకర్త రాసుకుంది. నేను ఇన్నేళ్ళ క్షేత్ర పరిశోధనలో అంత వివరంగా నోట్సు రాసిన సందర్భాలు తక్కువ.

అందులో ఒక పట్టిక కూడా ఉంది. మూడేళ్ళవాడికి ఇన్ని మాటలు రావాలని. ఆ పిల్లవాడికి తెలుగులో సగం కూడా లేవు. పట్టిక ప్రకారం మాట ఆలస్యం, వైద్యుడికి చూపించాలి. ఆమె అలా రాయలేదు. "వాళ్ళమ్మతో ఉర్దూ మాట్లాడతాడు. పక్కింటి అవ్వ అరవం మాట్లాడుతుంది, ఆమెతో అరవంలోనే బదులు చెప్తాడు. నాతో తెలుగు. మూడూ కలిపి లెక్కబెట్టినానక్కా, సరిపోయినాయి" అన్నది. 1993లో బార్బరా పియర్సన్, ఆమె సహచరులు అమెరికాలోని మయామిలో స్పానిష్, ఇంగ్లీషు రెండూ వినే పసిపిల్లల మీద చేసిన అధ్యయనం చెప్పింది ఇదే: ఒక భాషలోనే లెక్కబెడితే బిడ్డకి వచ్చింది తెలియదు, రెండూ కలిపి చూడాలి. ఆ వ్యాసం ఈమె చదవలేదు. మూడు రాష్ట్రాల మాట కలిసే చోట ఇరవై ఏళ్ళుగా పిల్లకాయలతో ఉంది, అంతే. మూల్యాంకనం చేసినవాళ్ళు 'నిర్దేశించిన పద్ధతి పాటించలేదు' అని మార్కులు కోశారు.

ఎదురుగా మనిషి ఉంటే ఆమె ఈ మాట చెప్పేది, వాళ్ళు వినేవాళ్ళు. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి, ఆ ఊళ్ళవాళ్ళనే టీచర్లుగా తయారుచేసింది. పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఏ బిడ్డ వేగం ఆ బిడ్డకి ఉండేట్టు చూసింది. మనకి మరీ దూరం కాని చోట ఉన్న అనుభవం. కోర్సు తయారుచేసినవాళ్ళు స్విట్జర్లాండ్ దాకా పోయారు, మదనపల్లె రాలేదు.

డిసెంబరు నాటికి కోర్సు చివరికొచ్చింది. 2023 డిసెంబరు 12న సమ్మె మొదలైంది. మీకు నేను చెప్పేదేముంది, 42 రోజులు మీరే కూర్చున్నారు. అప్పటికి కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000. కనీస వేతనం, గ్రాట్యుటీ కావాలని అడిగారు. కొన్నిచోట్ల సెంటర్ల తాళాలు పగలగొట్టి తెరిపించారు. 2024 జనవరి 6న మీ పనిని అత్యవసర సేవల చట్టం కిందికి తెచ్చారు.

ఇక్కడే నాకు సామాజిక శాస్త్రం ఎందుకు చదివానో మళ్ళీ గుర్తొచ్చింది. కోర్సు మొదటి పాఠం, విద్యావిధానం నుంచి తీసుకున్న మాట: మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుంది. అంత ముఖ్యమైన పని చేసే మనిషికి ఇచ్చేదాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. 2006లో సుప్రీంకోర్టు మీవి ప్రభుత్వ సివిల్ పోస్టులు కావన్నది. 2022 ఏప్రిల్ 25న, గుజరాత్ కార్యకర్తల కేసులో, అదే కోర్టు గౌరవ వేతనం కూడా వేతనమేనని, మీకు గ్రాట్యుటీ హక్కు ఉందని, దీన్ని పార్ట్‌టైం పని అనడానికి వీల్లేదని చెప్పింది. సమ్మె చేస్తే అత్యవసర సేవ, జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, కోర్సులో చేరితే నైపుణ్యం లేని శ్రామికురాలు. ఒకే స్త్రీ, మూడు పేర్లు. పిల్లల్ని పెంచడం ఆడవాళ్ళకి పుట్టుకతో వస్తుందనే నమ్మకం దీనికి అడుగున ఉంది. పుట్టుకతో వచ్చేదానికి జీతమెందుకు అని పితృస్వామ్యం ఎప్పుడూ అడిగేదే. మరి పుట్టుకతో వచ్చేదానికి సర్టిఫికెట్ ఎందుకని మనం తిరిగి అడగాలి. ఆ చదువు కావాలి, నేను వద్దనడం లేదు. పని గంటల్లో చెప్పండి, తెలుగులో చెప్పండి, పాసైతే జీతం ఎంత పెరుగుతుందో ముందే రాతపూర్వకంగా ఇవ్వండి, ఆయాని బయట నిలబెట్టకండి. ఇంతకాలం చేసిన పనిని సగం అర్హతగా లెక్కించండి. పాస్ కానివాళ్ళని తీసేయడానికి ఇది సాకు కాకూడదు.

ఆఖరి పరీక్ష జనవరి రెండో వారంలో పడింది. ముగ్గురిలో ఒకామె ముందే మానేసింది. మామగారికి పక్షవాతం వచ్చింది, చూడటానికి ఇంకెవరూ లేరు. ఒకామె పాసైంది. మూడో ఆమె, మూడు భాషలు కలిపి లెక్కబెట్టినామె, సమ్మె శిబిరంలో కూర్చుని ఫోన్‌లో పరీక్ష మొదలుపెట్టింది. కెమెరా ఆన్‌లో ఉండాలని, వెనక ఇంకెవరూ కనపడకూడదని నిబంధన. వెనక నలభై మంది ఆడవాళ్ళు, పిల్లలు, మైకు. పదకొండో ప్రశ్న దగ్గర ఆమె పరీక్ష రద్దయింది. నేను పాసయ్యాను, 72 శాతంతో. నా సర్టిఫికెట్ మంచి కాగితం మీద వచ్చింది.

మళ్ళీ ఫీజు కట్టి రాయమని నేను చాలాసార్లు అన్నాను. ఆమె ఇంకా కట్టలేదు. కానీ ఆ గమనింపుల నోటు పుస్తకం రాయడం మానలేదు. అందులో ఇప్పుడు పదిహేడు మంది పిల్లలున్నారు, ఆయా చెప్పిన మాటల పక్కన ఆయా పేరు కూడా రాసి ఉంది. ఇవాళ వెంట తెచ్చింది. భోజనాలయ్యాక చూపిస్తానంది.