సైనస్ ఆపరేషన్ తర్వాత కూడా తగ్గకపోతే

సైనస్‌లంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులు. ఎండోస్కోపీ శస్త్రచికిత్స వాటి దారులను తెరుస్తుంది. కళ్ల మధ్యనున్న ఎత్మాయిడ్ గదుల గోడలు కొన్ని మిగిలిపోతే బాధ మళ్లీ మొదలుకావచ్చు. దవడ సైనస్ సహజ ద్వారాన్ని వదిలి పక్కన రంధ్రం చేస్తే, ఒక దారిలోంచి బయటికి వచ్చిన శ్లేష్మం రెండో దారిలోంచి తిరిగి లోపలికి వెళ్లి చీము పట్టవచ్చు. డబ్బూ ఓపికా ఖర్చయ్యాక రోగికి కలిగే నిస్పృహ న్యాయమైనదే. అయితే కంటికీ మెదడుకీ ఆనుకున్న చోట సర్జన్ జాగ్రత్తకోసమే ఆగి ఉండవచ్చు. పైగా లోపల మానడానికి వారాలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే సీటీ స్కాన్ ఫిల్ములు, ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు తీసుకుని మరో ఈఎన్‌టీ నిపుణుణ్ణి కలవాలి. ఏ గదులు తెరిచారో, ఏవి మిగిలాయో అడగాలి. అలర్జీ, పాలిప్‌లే (ముక్కులో పెరిగే మెత్తని కండలు) కారణమైతే చాలామందికి ముందు కావలసింది కత్తి కాదు, ఉప్పునీటితో ముక్కు కడగడం, స్టెరాయిడ్ స్ప్రే. చూపు మసకబారినా, ముక్కులోంచి పలచని నీరు ఆగకుండా కారినా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.