చెయ్యి చూస్తే బెదిరే చిలుక
(రేడియో ప్రసంగ పాఠం)

 

ఈ ఉదయం మీకు ఒక చిలుక సంగతి చెప్పాలని ఉంది. ప్రసంగంలో చిలుక ఏమిటి అయ్యగారూ అని నవ్వుకోకండి. నవ్వుకున్నా ఫరవాలేదు గాని, రేడియో మాత్రం కట్టేయకండి.

మా అమ్మాయి, అల్లుడుగారు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్నారు. మూడేళ్ళ క్రితం నేను, మా ఇంటావిడ వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆరు నెలలు ఉన్నాం. మేము వెళ్ళిన రెండో వారంలోనే వాళ్ళు ఒక చిలుకను ఇంటికి తెచ్చుకున్నారు. కొన్నది కాదు. యజమానులు వదిలేసినవి, హింసపడినవి అయిన పక్షులను చేరదీసే ఒక ఆశ్రయం నుండి దత్తత తీసుకున్నది. అక్కడ పక్షిని ఊరికే చేతిలో పెట్టరు. దరఖాస్తు రాయించుకున్నారు, ఇల్లు చూసి వెళ్ళారు, వీళ్ళను నాలుగైదు సార్లు రప్పించి పక్షి ముందు కూర్చోబెట్టారు. మన దగ్గర పెళ్ళిచూపులకైనా అంత విచారణ ఉండదు!

ఆ చిలుక మన రామచిలుక జాతిది కాదు. ఆఫ్రికన్ గ్రే అంటారు. బూడిద రంగు ఒళ్ళు, ఎర్రని తోక. మనుషుల మధ్య నలభై యాభై ఏళ్ళు కూడా బతకగలదు. అడవిలో పట్టిన చిలుకలను తమ దేశంలోకి తేకుండా అమెరికావారు 1992లోనే చట్టం చేశారు. ఈ జాతి అడవి పక్షుల వ్యాపారాన్ని 2017 నుండి అంతర్జాతీయ ఒప్పందం కూడా నిషేధించింది. మా వాళ్ళ చిలుక పంజరంలోనే పుట్టిందట. కాబట్టి దానికి తిరిగి వెళ్ళడానికి అడవి లేదు. ఎవరో ఒకరి ఇల్లే దానికి గతి.

దాని వయస్సు అప్పటికి పద్నాలుగేళ్ళు. మూడు ఇళ్ళు మారి వచ్చింది. చివరి ఇంట్లో గారేజీలో, చీకట్లో పెట్టారట. అరిచినప్పుడల్లా పంజరాన్ని కర్రతో కొట్టేవారట. ఏళ్ళ తరబడి పొద్దుతిరుగుడు గింజలు తప్ప వేరే మేత లేదు. నేను మొదటిసారి చూసినప్పుడు, నిజం చెబుతున్నాను, కళ్ళు తిప్పుకున్నాను. మెడ కింద నుండి ఒళ్ళంతా బొచ్చు తీసిన కోడిలా ఉంది. తల మీద మాత్రం ఈకలు చక్కగా ఉన్నాయి. ఎందుకో తెలుసా? తన ముక్కు తన తలకు అందదు గనుక. అందినంత మేర తన ఈకలను తానే పీకేసుకుంది.

అది మాట్లాడేది కూడా. ఒకటే మాట. తలుపు గట్టిగా పడితే చాలు, ఒక మగమనిషి గొంతుతో, కోపంగా, 'షటప్!' అనేది. వెంటనే కర్ర ఇనుప ఊచలకు తగిలిన చప్పుడు కూడా తానే చేసేది. మొదటిసారి విన్నప్పుడు ఆరేళ్ళ మనవడు నవ్వాడు. మా అమ్మాయి వాణ్ణి దగ్గరికి తీసుకొని, "అది తమాషా చేయడం లేదురా, దాన్ని ఏమన్నారో అదే మనకు చెబుతోంది" అంది. వాడు మళ్ళీ నవ్వలేదు.

మూడో రోజు నేనొక పొరపాటు చేశాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బాదం పప్పు పట్టుకొని, "ఏమ్మా చిలకమ్మా" అంటూ పంజరంలో చెయ్యి పెట్టాను. అది కర్ర మీద నుండి దభీమని కింద పడింది. మూలకు పోయి వణుకుతూ ఉండిపోయింది. నా చేతిలో ఉన్నది పప్పే. కాని దానికి పప్పు కనబడలేదు, చెయ్యే కనబడింది.

ప్రియులారా, అప్పుడు నాకు మా ఊరు జ్ఞాపకం వచ్చింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా చిన్నాన్న తాటిమొద్దు తొర్రలో నుండి రామచిలుక పిల్లను తెచ్చి, రెక్కలు కత్తిరించి, పంజరంలో వేసి వసారాలో వేలాడదీశాడు. నేను దానికి జామకాయ పెట్టేవాణ్ణి. చీపురుపుల్లతో పొడిచేవాణ్ణి కూడా. అది నా పుల్లను కొరకబోతే నాకు సరదా. ఒకరోజు నా వేలు కొరికిందని పంజరాన్ని గోడకేసి కొట్టాను. తరువాత ఎన్నాళ్ళకో ఒక పొద్దున అది చచ్చి పడి ఉంది. అమ్మ జామచెట్టు కింద పాతిపెట్టింది. నన్నెవరూ ఏమీ అనలేదు. ఎన్నో పాపాలు ఒప్పుకొని ప్రార్థన చేసుకున్నవాణ్ణి, దీన్ని ఏనాడూ ఆ లెక్కలో వేసుకోలేదు. డాలస్‌లో, ఎవరో తెలియని మనిషి కర్ర చప్పుడు ఆ పక్షి నోట విన్నాక గాని నా పంజరం చప్పుడు నాకు వినబడలేదు.

సాయంత్రం అమ్మాయికి జరిగింది చెప్పాను. కోప్పడలేదు. "నాన్నా, దాని దగ్గరికి మనం వెళ్ళకూడదు, అదే రావాలి" అంది.

ఇక అది ఎలా చేసిందో చెబుతాను. పంజరాన్ని గది నడుమ కాకుండా గోడకు ఆనించి పెట్టారు, వెనుక నుండి ఎవరూ వస్తారన్న భయం లేకుండా. రాత్రి పది పన్నెండు గంటలు చీకటి, నిశ్శబ్దం. అమ్మాయి రోజూ గదికి అటు చివర కుర్చీ వేసుకొని, సగం పక్కకు తిరిగి, పుస్తకం చదువుకునేది. పక్షి వైపు తేరిపార చూసేది కాదు. నాలుగైదు రోజులకొకసారి కుర్చీ ఒక అడుగు ముందుకు. చిలుక మెడ వెనుక ఈకలు నిక్కబొడుచుకున్నా, వెనక్కి ఒరిగినా, కుర్చీ మళ్ళీ వెనక్కి. లేచి వెళ్ళేటప్పుడు గిన్నెలో ఒక బాదం పప్పు వేసి వెళ్ళిపోయేది.

కుర్చీ వెనక్కి జరిపిన రోజు నాకు ఓటమిలా కనబడేది. కాని పని జరిగింది ఆ రోజుల్లోనే అని ఇప్పుడు అనుకుంటున్నాను. తాను వద్దంటే ఈ మనిషి ఆగుతుంది అని ఆ పక్షి తన జీవితంలో మొట్టమొదటిసారి నేర్చుకుంది.

డాక్టరు రక్తపరీక్ష చేసి కాల్షియం తక్కువైందన్నాడు. గింజల మేత మాన్పించి ప్రత్యేకమైన మేత, ఆకుకూరలు, క్యారెట్ అలవాటు చేయమన్నాడు. అయితే ఒక్కసారిగా మారిస్తే ఇవి కొత్త మేతను తిండిగా గుర్తించక పస్తుండి చచ్చిపోవచ్చునట. అల్లుడుగారు ప్రతి ఉదయం ఆఫీసుకు వెళ్ళేముందు దాన్ని తూకం వేసి గ్రాముల్లో రాసుకునేవారు. అవకాడో, చాక్లెట్ వీటికి విషం. నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కితే వచ్చే పొగ కూడా ప్రాణం తీస్తుంది. దాంతో ఆ పెనాలన్నీ బయటికి పోయాయి. మా ఇంటావిడ ఇనుప పెనం మీద అట్లు పోయలేక మొదట్లో కొంచెం సణిగింది, అదీ చెప్పాలి కదా!

నాలుగో నెలలో అది మొదటిసారి మనిషి నుండి పప్పు అందుకుంది. చేతి నుండి కాదు. పొడవాటి చెక్కగరిటె చివర నుండి. రోజులు గడిచేకొద్దీ అమ్మాయి గరిటెను కొద్దికొద్దిగా ముందుకు పట్టుకునేది. మేము తిరుగు ప్రయాణమయ్యే నాటికి ఆమె వేళ్ళకూ దాని ముక్కుకూ మధ్య జానెడు దూరం మిగిలింది.

నోవహు పంపిన పావురం కాలు మోపే చోటు లేక తిరిగి వచ్చిన భాగం మీరెరుగుదురు. మనం ఎప్పుడూ ఒలీవ ఆకు గురించే ప్రసంగిస్తాం. నేనూ ముప్పై ఏళ్ళు అదే చెప్పాను. ఆకు తేవడానికి ముందు, అది వట్టి నోటితో తిరిగి వచ్చినప్పుడు, నోవహు చెయ్యి చాపి దాన్ని లోపలికి తీసుకున్నాడు. ఆ చేతి మీదికి రావడానికి ఆ పక్షి భయపడలేదు. నెలల తరబడి ఓడలో అది ఆ చేతిని చూసే ఉంటుంది. మన సంఘాలలో దెబ్బతిన్న మనిషి ఎవరైనా గుడి మెట్లెక్కితే, మొదటి ఆదివారమే చుట్టూ మూగి, సాక్ష్యం చెప్పమంటాం. నేను చెప్పించాను. వాళ్ళలో కొందరు రెండో ఆదివారం రాలేదు.

ఒక మాట హెచ్చరికగా చెప్పాలి. ఇది విని మీరు రామచిలుకను తెచ్చుకోవద్దు. మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎక్కడైనా పంజరంలో బాధపడుతున్న చిలుకను చూస్తే అటవీశాఖ వారికి తెలియజేయండి. జాలిపడి మీరే పంజరం తలుపు తీయకండి. రెక్కలు కత్తిరించిన పక్షిని బయట వదిలితే పిల్లికో కాకులకో ఆహారమవుతుంది. వారైతే వైద్యం చేయించి, ఈకలు వచ్చాక, ఎగరగలిగితే వదులుతారు.

పోయిన సంవత్సరం మేము మళ్ళీ డాలస్ వెళ్ళాం. చిలుక అమ్మాయి చేతి మీద కూర్చుని ఉంది. రెక్కల మీద బూడిద రంగు ఈకలు వచ్చాయి. రొమ్ము మాత్రం బోడిగానే ఉంది. అక్కడ ఈకల మొదళ్ళు చచ్చిపోయాయి, ఇక రావని డాక్టరు చెప్పాడట. తమ తరువాత దాన్ని ఎవరు చూడాలో కూడా వాళ్ళు కాగితం రాసి పెట్టారు.

నా దగ్గరికి రాలేదు. నేనూ అటు చివర కుర్చీ వేసుకొని బైబిలు చదువుకున్నాను. ఐదు వారాల తరువాత నా గరిటె చివర నుండి ఒక పప్పు తీసుకుంది. నా చెయ్యి కొంచెం వణికింది. దానికి ఆ వణుకు తెలిసిందో లేదో గాని, పారిపోలేదు.

ఆ రాత్రి కారు గారేజీలో పెట్టి తలుపు వేసిన చప్పుడుకు, గుడ్డ కప్పిన పంజరంలో నుండి ఆ పాత గొంతు 'షటప్!' అని అరిచింది. కర్ర చప్పుడు కూడా. ఎవరమూ ఏమీ అనలేదు. కొంతసేపటికి అదే చీకట్లో నుండి, అచ్చం మా అమ్మాయి గొంతుతో, తెలుగులో, "తిన్నావా?" అని వినిపించింది.

పక్కగదిలో నుండి మా ఇంటావిడ, "తిన్నానమ్మా" అని జవాబిచ్చింది.