ఫెర్మా నమ్మిన సంఖ్య

లెక్కల మాస్టారి స్మృతిలో జరిగే సభలో లెక్క చేయకుండా దిగిపోవడం మర్యాద కాదు. అందుకని ఇవాళ ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడతాను: 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. క్లుప్తంగా రాస్తే 2³² + 1.

1640 ప్రాంతంలో ఫ్రాన్సులో న్యాయాధికారిగా ఉన్న ఫెర్మా ఒక వరుసను పట్టుకున్నాడు: 3, 5, 17, 257, 65537. 2 కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చేవివి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఘాతాన్ని ఇలా రెట్టింపు చేస్తూ పోతే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందని ఆయన నమ్మాడు. నిరూపణ మాత్రం చిక్కలేదు. ఆ వరుసలో ఆరోది మన సంఖ్య.

1729 లో గణితజ్ఞుడు గోల్డ్‌బాఖ్ ఈ సంగతి మరో గణితజ్ఞుడు ఆయిలర్ చెవిన వేశాడు. 1732 లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఆయిలర్ తేల్చి చెప్పాడు: మన సంఖ్య ప్రధాన సంఖ్య కాదు, అది 641 × 67,00,417.

కారణాంకం కోసం గుడ్డిగా వెతికితే వర్గమూలం దాకా, అంటే 65,536 లోపు, 6,542 ప్రధాన సంఖ్యలు చూడాలి. అన్నిటితో భాగించనక్కర్లేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని 64 తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలరే తర్వాత నిరూపించాడు. అలాంటివి వరుసగా 193, 257, 449, 577, 641. అయిదోదానికే పని తీరింది.

భాగహారం చేయకుండానే దీన్ని సరిచూడవచ్చు. 641 ను రెండు విధాలుగా రాయండి: 5 × 2⁷ + 1, 5⁴ + 2⁴. మొదటిదాన్నిబట్టి, 641 తో భాగించేటప్పుడు 5 × 2⁷ ను –1 గా లెక్కించవచ్చు. నాలుగో ఘాతం వేస్తే 5⁴ × 2²⁸ కి శేషం 1. రెండోదాన్నిబట్టి 5⁴ బదులు –2⁴ వేయవచ్చు. అప్పుడు –2³² కి శేషం 1. అంటే 2³² + 1 లో శేషం సున్నా. పది అంకెల సంఖ్యను పూర్తిగా రాయకుండానే లెక్క ముగిసింది.

శేషం 1 మిగలాలన్న ఆయిలర్ నియమం 65537 కి 64 బదులు 32 తో పనిచేస్తుంది. 256 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు రెండే: 97, 193. రెండింటితోనూ భాగించండి. శేషాలు 62, 110. కాబట్టి 65537 ప్రధాన సంఖ్యే.

ఈ వరుసలో 65537 తర్వాత మరో ప్రధాన సంఖ్య నేటిదాకా దొరకలేదు. మన సంఖ్య తర్వాత పదిహేనోది 3,15,653 అంకెల సంఖ్య. అది ప్రధాన సంఖ్య కాదని కంప్యూటర్లు తేల్చాయి. దాని కారణాంకం ఒక్కటీ ఇంకా దొరకలేదు. సంఖ్య విడిపోతుందని తెలియడం వేరు, ఎలా విడిపోతుందో తెలియడం వేరు. అయిదు ఉదాహరణలు కుదిరాయని ఆగిపోతే ఈ రెండు ప్రశ్నలూ పుట్టవు. విద్యార్థులారా, కుదిరిన ఉదాహరణను చూసినప్పుడు ‘ఎందుకు కుదిరింది?’ అని అడగండి. గణితం అక్కడే మొదలవుతుంది.