ఇంటి ఫ్రీజరుకు సముద్రపు వేట

ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు, 61 దినములు, తూర్పుతీరమున యంత్రపు పడవలు వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏర్పరచిన నిషేధమది. ఆ దినములలో బజారున సముద్రపు చేప అరుదగును, ధర పెరుగును. కావున విశాఖపట్టణమున కాపురముండు మేము మార్చి మాసముననే ఒక ఆదివారము భీమునిపట్టణము పోయి, గాలము వేసి, ఫ్రీజరు నింపుకొనవలెనని సంకల్పించితిమి. మొదటియేడు గాలములను గూర్చియు, ఎరను గూర్చియు, ఫలాహారమును గూర్చియు ఆలోచించితిమి గాని మంచుగడ్డ మాట ఎవరికిని తోచలేదు.

ఆనాడు గాలమునకు చిక్కినవి రెండు కిలోలకు మించలేదు. ఇంతమాత్రముతో ఇల్లు చేరుట నామోషీ యనిపించి, ఒడ్డున పడవవారి వద్ద తట్టెడు కానాగంతలు కొంటిమి. వానిపై తడిగోనె కప్పి, త్రోవలో చుట్టముల ఇంట ఆగి, ఎండలో మూడుగంటలు గడిపి తెచ్చితిమి. దుర్వాసన లేదు, చేపల కన్నులు మెరయుచునే యున్నవి. ఆ రాత్రి పులుసు తినినవారి కందరికిని ముఖము లెఱ్ఱబడి, ఒడలు దురదపెట్టి, తలనొప్పి పట్టుకొన్నది. మా చిన్నవాడు వాంతులతో ఆస్పత్రి పాలయ్యెను.

కానాగంత, వంజరము, సూర వంటి చేపలను వేడిమిలో ఉంచినచో సూక్ష్మజీవులు వాని మాంసమున హిస్టమిన్ అను పదార్థమును పుట్టించును. పుట్టిన పిమ్మట అది ఉడికించినను పోదు, గడ్డకట్టించినను పోదు. ఫ్రీజరు చేపను ఉన్న స్థితిలో నిలుపును గాని బాగుచేయజాలదు. (ఈ కానాగంత మన తీరపు పేరుతోనే శాస్త్రమున కెక్కినది. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల వర్ణనము 1803లో అచ్చయినది. అందలి కనగుర్త అను పేరునే 1816లో కువియే దానికి స్థిరపరచెను.)

ఇప్పుడు మా లెక్క ఫ్రీజరునుండి మొదలగును. వారమున కొక కిలో చొప్పున తొమ్మిది వారములకు తొమ్మిది కిలోల శుభ్రపరచిన చేప కావలెను. తల, పొలుసు, ప్రేగులు పోవును గనుక తేవలసినది పదునాలుగు కిలోలు. మా ఫ్రీజరు నూరు లీటర్లది. దినమునకు మూడు నాలుగు కిలోలకు మించి పెట్టినచో అది త్వరగా గడ్డకట్టింపలేదు, చేప మెత్తబడును. అందువలన మూడు ఆదివారములు పోవుచున్నాము. ఒక్కొక్కసారి ఐదు కిలోల చేపకు ఐదు కిలోల మంచు. అది నలుగగొట్టినదై యుండవలెను. పెట్టెలో మంచొక వరుస, చేపయొక వరుస, పైన మరల మంచు. కరగిన నీరు పోవుటకు అడుగున రంధ్రము. గాలమునకు చిక్కక తక్కువైనది కొనుటలో ఇప్పుడు మాకు సిగ్గులేదు.

గోస్తని సముద్రమున కలియుచోట పోటువేళ పండుగప్ప దొరకుట కద్దు. పోటు దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడును. కావున గత ఆదివారము పోటున్న వేళకు ఈ ఆదివారము ఆటు ఉండును. ఈ లెక్క చూడక బయలుదేరి ఒకనాడు ఉదయమంతయు ఇసుకలో కూర్చుంటిమి.

కొవ్వు గల కానాగంతలను, కవ్వళ్లను సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో ఉంచినను రెండు మూడు మాసములలో వాడుకొనవలెను. పండుగప్ప మరికొంత నిలుచును. ఒక పూటకు సరిపడు ముక్కలను గాలి చొరకుండ పొట్లము కట్టి, పైన తేదీ వ్రాయుదుము. ఆ వ్రాతపని మా చిన్నవాడిది. కానాగంతల పులుసు మాత్రము వాడు నేటికిని ముట్టడు.