వాంగ్మూలంలోకి రాని మాట



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ పేరు మీ చేతిలోని ఆహ్వానపత్రిక మీద ఉంది. మాకు మాత్రం ఆయన టైపు మాస్టారు. విజయనగరంలో ఒక మేడ మీద గదిలో ఆరు మిషన్లతో ఇన్‌స్టిట్యూట్ నడిపారు. పొద్దున్న ఆరింటికి మొదటి బ్యాచి, రాత్రి ఎనిమిదింటికి ఆఖరిది. అందరూ వెళ్లిపోయాక తలుపు దగ్గరగా వేసుకుని నాటికలు రాసేవారు. "పొట్ట కోసం టైపు, మనసు కోసం నాటకం, పాపం" అని ఊళ్లో జాలిపడేవారు. ఆ మాట ఆయనకు నచ్చేది కాదు. "ఆ రెండూ వేరని ఎవరన్నార్రా?" అని మమ్మల్ని అడిగేవారు. అప్పటికి నాకు పదిహేడేళ్లు. ఏం చెప్పాలో తెలిసేది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు కోర్టుల్లో స్టెనోగా పనిచేసి వచ్చాక, ఇవాళ ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి మీ ముందు నిలబడ్డాను.

రాసేవాడికి ఉద్యోగం ఏమిస్తుందని అడిగితే, సరుకు ఇస్తుందంటారు చాలామంది. డాక్టరుకి రోగుల కథలు, ప్లీడరుకి కేసుల కథలు దొరుకుతాయని వాళ్ల ఉద్దేశం. నాకు అలా అనిపించదు. నవలలు రాసిన డాక్టర్ కేశవరెడ్డిగారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోని కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేశారు. సరుకే ముఖ్యమైతే ఆయన నవలలన్నీ వార్డుల్లోనే నడవాలి. 'అతడు అడవిని జయించాడు'లో ఆసుపత్రి ఊసే లేదు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ఒక ముసలివాడున్నాడు. ఆ ముసలివాడు జాడల్నీ చప్పుళ్లనీ ఎంత నిదానంగా పరిశీలిస్తాడో చూడండి. కుష్ఠు మచ్చ మీద దూదిపోచతో తాకి, "తెలుస్తోందా?" అని అడిగి, రోగి జవాబు చెప్పేదాకా ఆగే మనిషి రాసిన పేజీలవి. చదివినప్పుడల్లా నాకు ఆ ఆగడమే కనిపిస్తుంది.

నాకు బాగా తెలిసిన చోటు కోర్టు కాబట్టి అక్కడికే వస్తాను. నా రోజుల్లో సాక్షి బోనెక్కి తెలుగులో చెప్పేవారు. మేజిస్ట్రేటుగారు విని ఇంగ్లీషులో డిక్టేట్ చేసేవారు. ప్రశ్న వేరుగా, జవాబు వేరుగా ఉండేవి కావు. రెండూ కలిపి, సాక్షే 'నేను' అంటూ చెప్పుకుపోతున్నట్టు రాసేవాళ్లం. కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, వేళ్లు ఆగకుండా కొడుతూ పోవాల్సి వచ్చేది. చివర్లో తెలుగులో చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకునేవాళ్లం.

1980లలో ఒక చిన్న కొట్లాట కేసులో ఒకావిడ సాక్ష్యం చెప్పింది. ఆవిడ మాటలు ఇవాళ్టికీ నా చెవుల్లో ఉన్నాయి. "ఆయేళ నాను గేదికి కుడితెడతన్నాను బాబూ. మా సిన్నోడు గుమ్మంలో కూకోని బువ్వ తింతన్నాడు. ఈడొచ్చీసినాడు. ఆడి కంచంలో కాలెట్టీసినాడు బాబూ!" డిక్టేషన్ వచ్చింది. నేను కొట్టాను. ముద్దాయి నా ఇంట్లోకి వచ్చాడు, నన్ను చేత్తో కొట్టాడు. అంతే. చదివి వినిపించాక ఆవిడ వేలిముద్ర వెయ్యకుండా నా వంక చూసింది. "మరి కంచం మాటేది బాబూ?" అంది.

మేజిస్ట్రేటుగారి తప్పేం లేదు. నేరం రుజువు కావడానికి కంచంతో పనిలేదు. అక్కర్లేనిది వదిలెయ్యకపోతే రోజుకు రెండు కేసులు కూడా తెమలవు. కానీ ఆవిడ కోర్టుకు వచ్చింది ఆ కంచం కోసమే. దెబ్బ ఆవిడకు పెద్ద లెక్క కాదు. అన్నం తింటున్న పిల్లాడి కంచంలో కాలు పెట్టడాన్ని ఆవిడ భరించలేకపోయింది.

రావిశాస్త్రిగారి కథల్ని నేను అంతకుముందే చదివాను. ఆయన ఏం చేస్తున్నారో ఆవేళ అర్థమైంది. ఆయన పూర్తి పేరు రాచకొండ విశ్వనాథశాస్త్రి. 1922లో శ్రీకాకుళంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ, మద్రాసులో లా చదివి, 1950లో విశాఖపట్నంలో సొంతంగా ప్లీడరీ మొదలుపెట్టారు. రాయడం అంతకుముందు నుంచే ఉంది. 1950ల మొదట్లో వచ్చిన 'అల్పజీవి' ఎక్కువగా ఒక భయస్తుడైన గుమస్తా మనసులోనే నడుస్తుంది. పదేళ్లు తిరిగేసరికి 'ఆరు సారా కథలు' వచ్చాయి. అప్పటికి ఆయన మనుషులు నోరు విప్పారు. ఆ పదేళ్లూ ఆయన కోర్టు వరండాల్లో నిలబడి విన్నారు. మద్యనిషేధం అమల్లో ఉన్న కాలం. సారా కేసుల్లో ఇరుక్కున్న బీదాబిక్కీ ప్లీడర్ల చుట్టూ తిరుగుతున్న రోజులు.

'మాయ' కథే తీసుకోండి. ముత్యాలమ్మ సారా కేసులో ముద్దాయి. మూర్తి జూనియర్ ప్లీడరు. ఆవిడ అతని ముందు తన గోడంతా వెళ్లబోసుకుంటుంది. ఏ కోర్టులోనైనా ఆ మాటల్లో ఒక్కటి కూడా రికార్డుకెక్కదు. 'సంబంధం లేదు' అన్న ఒక్క ముక్కతో అంతా కొట్టుకుపోతుంది. ఆ కొట్టుకుపోయేదాన్ని ఒడ్డున నిలబడి పట్టుకున్నారు శాస్త్రిగారు. అదీ ఎలా? క్రాస్ ఎగ్జామినేషన్ తెలిసినవాడు పట్టుకున్నట్టు. ప్రతి మనిషీ ఎవరితోనో, ఏదో ఆశించి, ఏదో దాచి మాట్లాడతాడని ప్లీడరుకు తెలుసు. అందుకే ఆయన సంభాషణల్లో వట్టి సమాచారం కోసం పెట్టిన మాట కనిపించదు. ఆయన ఉపమానాలు గుట్టలు గుట్టలుగా వచ్చిపడతాయని కొందరు విసుక్కుంటారు. నాకు విసుగు రాదు. పొద్దుట్నుంచీ సాయంత్రందాకా సెక్షన్ల భాషలో మాట్లాడిన మనిషి, ఇంటికొచ్చి ఆ భాష ఎండగట్టినదంతా మళ్లీ తడుపుతున్నాడనిపిస్తుంది.

కాళీపట్నం రామారావు మాస్టారిది మరో దారి. విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పారు. ఆయన 'యజ్ఞం' కథ ముగింపు మీద జనం దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. నన్ను అంతకన్నా ఎక్కువ పట్టుకున్నది ముగింపు దాకా ఆయన నడిపించిన తీరు. అప్పల్రాముడు గోపన్నకు బాకీ. ఆ బాకీ మీద పంచాయతీ. ఊరు ఎలా మారింది, రోడ్డు వచ్చాక ఎవరి చేతికి ఏం వచ్చింది, ఎవరి చేతిలోంచి ఏం పోయిందన్నది మెట్టు తర్వాత మెట్టుగా బోర్డు మీద వేసినట్టు వస్తుంది. ఒక్క మెట్టు కూడా ఎగరగొట్టరు. లెక్క చివరికంటా సరిగ్గానే ఉంటుంది, పంచాయతీ పెద్ద శ్రీరాములునాయుడు ధర్మాత్ముడే, తీర్పూ సక్రమంగానే కనిపిస్తుంది. తీరా చూస్తే లెక్క ఎక్కడ మొదలైందో అక్కడే అన్యాయం ఉంది. జవాబు ఒక్కటే చూసి మార్కులెయ్యని లెక్కల మాస్టారికే అలా రాయడం చేతనవుతుంది.

సంగీతంలో శ్రీపాద పినాకపాణిగారున్నారు. మెడిసిన్ ప్రొఫెసరు, వైద్యుడు. 'సంగీత సౌరభం' సంపుటాల్లో ఆయన రాసిన స్వరలిపి చూడండి. పాట ఇలా ఉంటుందని చెప్పి ఊరుకోరు. గమకంలో గొంతు ఎక్కడెక్కడ తిరుగుతుందో చిన్న చిన్న స్వరాలతో సహా రాసిపెడతారు. తన తర్వాత డ్యూటీకి వచ్చే డాక్టరు కోసం ఏదీ వదలకుండా కేస్‌షీట్ రాసే చెయ్యి అది.

ఉద్యోగం ఇచ్చినదాని గురించే చెప్పి ఊరుకుంటే నిజం సగమే చెప్పినట్టు. అది తీసుకునేది కూడా ఉంది. రోజూ 'సంబంధం లేదు' వింటూ కొట్టే వేళ్లు, కథ రాసేటప్పుడూ అలాగే కత్తిరిస్తాయి. ఆ కంచం కథ నేను ఆవిడ సాక్ష్యం చెప్పిన నెలలోనే రాశాను. సెలవు పెట్టి విజయనగరం వచ్చి మాస్టారికి చూపించాను. నాలుగు పేజీలు. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"కంచం ఉంచావు, బాగుంది. గేదె ఏదిరా?"

"గేదెతో పనేముంది మాస్టారూ? కొట్లాట గుమ్మంలో కదా."

"కుడితి పెడుతున్నానందని నువ్వే చెప్పావు. మోచేతులదాకా కుడితి. ఆ చేతులతో పిల్లాణ్ని చప్పున ఎత్తుకోలేకపోయింది. అందుకే కంచంలో కాలు పడింది."

ఆవిడ బోనులో నిలబడి మొట్టమొదట చెప్పింది ఆ మాటే. నేను రెండుసార్లు పోగొట్టాను, ఒకసారి డిక్టేషన్‌లో, ఒకసారి కథలో. ఆ రాత్రి ఆఖరి బ్యాచి వెళ్లాక మాస్టారు తన నాటిక ముందు కూర్చున్నారు. నేను కిటికీ పక్క మిషను మీద కాగితం ఎక్కించి, కుడితి గోలెం దగ్గర నుంచి మొదలుపెట్టాను.